ఒక దృశ్యం... మూడు క్లిక్కులు!

కొండ కనిపిస్తే ఆకాశం తెల్లబోతుంది. ఆకాశం కనిపిస్తే కొండ నల్లబడుతుంది. కెమెరా పుట్టిననాటి నుంచీ ఉన్న తగువు ఇది. దాన్ని తీర్చే కిటుకు పేరు హెచ్‌డీఆర్... అంటే హై డైనమిక్ రేంజ్. 1850ల నాటి ఫ్రెంచి సముద్రతీరం నుంచి ఇవాళ్టి జేబులోని ఫోను దాకా ఆ కిటుకు చేసిన ప్రయాణం ఇది.

సెలవులకు ఇంటిల్లిపాదీ గండికోట వెళ్లారనుకుందాం. చీకటితోనే లేచి, కోట దాటి, లోయ అంచుకు చేరారు. ఎదురుగా నిట్టనిలువు ఎర్రరాతి గోడలు. అడుగున పెన్న. కాసేపటికి పొద్దు పొడిచింది. ఆకాశమంతా కుంకుమ, పసుపు కలిపి చల్లినట్టుంది. 'అబ్బ...' అన్నారంతా. నాన్న కెమెరా తీసి క్లిక్‌మనిపించారు. తెరమీద చూసుకుంటే రాళ్లు బాగానే ఉన్నాయి. ఆకాశం మాత్రం సున్నం కొట్టిన గోడ! ఇంకోటి తీశారు. ఈసారి ఆకాశం అద్భుతం. లోయ మసిబొగ్గు.

'కంటికి రెండూ కనిపిస్తున్నాయిగా నాన్నా... కెమెరాకెందుకు కనిపించవు?' అని ఇంట్లో చిన్నది అడిగితే జవాబేమిటి? ఈ ప్రశ్నతో ఫొటోగ్రఫీ చరిత్రలో ఉద్దండులంతా కుస్తీ పట్టారు. ఒకరు కత్తెర పట్టారు. ఒకరు చీకటిగదిలో గంటలు గడిపారు. ఇంకొందరు గణితం ఆశ్రయించారు. అందరూ వెతికింది ఒక్కటే... కన్ను చూసిందాన్ని కాగితం మీదికి తేవడం.

వానలో గిన్నెలు

ముందు కన్ను సంగతి. మనం దృశ్యాన్ని ఒక్క చూపులో చూశామనుకుంటాం కానీ నిజానికి చూపు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఆకాశం వైపు తిరిగినప్పుడు కంటిపాప చిన్నదవుతుంది. నీడవైపు తిరగ్గానే పెద్దదవుతుంది. కంటిలోపలి తెర కూడా వెలుగునుబట్టి తన సున్నితత్వాన్ని మార్చుకుంటుంది. మెదడు ఆ ముక్కలన్నిటినీ కుట్టి 'ఇదీ దృశ్యం' అని మనకు అందిస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. షట్టరు తెరుచుకున్న లిప్తపాటులో కొండకూ ఆకాశానికీ ఒకటే కొలత.

ఆ కొలత ఎక్కడ దెబ్బతింటుందో తెలియాలంటే వానాకాలంలో పెరట్లోకి వెళ్లాలి. వరసగా గిన్నెలు పెట్టండి. చూరు కింద పెట్టింది క్షణాల్లో నిండి పొర్లిపోతుంది. చెట్టు కింద పెట్టిన దాంట్లో నాలుగు చుక్కలే పడతాయి. పొర్లిపోయిన గిన్నెలో అసలెంత నీరు పడిందో ఎవరూ చెప్పలేరు. నాలుగు చుక్కల గిన్నెలో నీరెంతో, అడుగున ఉన్న తడెంతో తేల్చలేం. డిజిటల్ కెమెరాలోని సెన్సర్ ఇలాంటి లక్షలాది గిన్నెల వరసే. వాన బదులు వెలుగు పడుతుంది... అంతే. పొర్లిన గిన్నెలు ఫొటోలో తెల్లటి మచ్చలవుతాయి. చుక్కల గిన్నెలు నల్లగా, గరుకు గరుకుగా కనిపిస్తాయి.

ఈ తేడాను ఫొటోగ్రాఫర్లు 'స్టాపు'ల్లో లెక్కిస్తారు. ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపు. రెండు స్టాపులంటే నాలుగింతలు, మూడంటే ఎనిమిదింతలు. అలా పది స్టాపులు ఎక్కితే 1,024 రెట్లు! స్లైడ్ ఫిల్మ్ ఐదారు స్టాపుల తేడాను మించి తట్టుకోలేదు. ఈనాటి మంచి కెమెరాలు సుమారు 14 స్టాపులదాకా పట్టగలవు. కానీ సూర్యుడు ఎదురుగా ఉండి ముందున్న రాళ్లు నీడలో ఉంటే ఆ తేడా 14నూ దాటేస్తుంది. ఇక ఫొటో అచ్చయ్యే కాగితానికైతే ఆరేడు స్టాపులే ఎక్కువ. అందుకే రెండు కష్టాలు. ఒకటి... వెలుగునంతా పట్టుకోవడం. రెండోది... పట్టుకున్నదాన్ని ఇరుకు కాగితంలో సర్దడం. హెచ్‌డీఆర్ కథంతా ఈ రెండిటి చుట్టూనే తిరుగుతుంది.

సముద్రానికో పలక... ఆకాశానికో పలక!

1850ల్లో ఫొటోలు గాజుపలకల మీద తీసేవారు. ఆ పలకలకు పూసే రసాయనానికి ఒక బలహీనత ఉంది. అది నీలిరంగు వెలుగుకే ఎక్కువగా స్పందిస్తుంది. ఆకాశం నీలమే కదా! నేలమీది వస్తువులు సరిగ్గా పడేలోపే ఆకాశం పొర్లిపోయేది. ఆనాటి ప్రకృతి దృశ్యాల్లో చాలావాటికి పైభాగం వట్టి తెల్లకాగితంలా ఉండటానికి కారణం అదే.

ఫ్రాన్స్‌కు చెందిన గుస్తావ్ ల గ్రే చిత్రలేఖనం నేర్చుకుని ఫొటోగ్రఫీలోకి వచ్చినవాడు. మబ్బుల్లేని సముద్రం ఆయన కంటికి ఆనలేదు. దాంతో ఒక ఉపాయం పన్నాడు. సముద్రం కోసం ఒక పలక. మబ్బుల కోసం మరో పలక. రెండిటినీ నీరూ నింగీ కలిసే గీత దగ్గర జోడించి ఒకే కాగితం మీద అచ్చువేశాడు. 1856లో వచ్చిన ఆయన ఓడ బొమ్మ, 1857లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని సెట్ పట్టణం దగ్గర తీసిన 'మహాకెరటం' చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. ఎగసిపడే అల, దానిపైన బరువెక్కిన మబ్బులు... ఒకే చిత్రంలో అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. ఒకే మబ్బుల పలకను ఆయన వేర్వేరు సముద్రాల మీద వాడిన సందర్భాలూ ఉన్నాయి!

ఇంత పేరొచ్చినా ల గ్రే వ్యాపారంలో చితికిపోయాడు. 1860లో పారిస్ వదిలి, ప్రసిద్ధ నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా ఓడెక్కి వెళ్లిపోయాడు. చివరికి ఈజిప్టు చేరి బొమ్మలు గీయడం నేర్పుతూ బతికాడు. 1884లో కైరోలో కన్నుమూశాడు. ఆయన 'మహాకెరటం' ప్రింటు ఒకటి 1999లో లండన్ వేలంలో 5 లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆ రోజుల్లో ఒక ఫొటోకు అది రికార్డు ధర.

మీటరు దొరకలేదు... చంద్రుడు దొరికాడు

ఇరవయ్యో శతాబ్దంలో ఈ తగువును శాస్త్రంగా మలిచినవారు అమెరికా ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్. ఆయన, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో 'జోన్ సిస్టమ్' రూపొందించారు. కటిక నలుపును సున్నా అని, కాగితపు తెలుపును పది అని అనుకుంటే మధ్యలో ఉండే వెలుగులన్నిటికీ మెట్లు ఏర్పడతాయి. మొత్తం పదకొండు మెట్లు. దృశ్యంలో ఏ భాగం ఏ మెట్టు మీద కూర్చోవాలో షట్టరు నొక్కకముందే ఫొటోగ్రాఫర్ నిర్ణయించుకోవాలి. ఆ ప్రకారం ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. ఫిల్మును రసాయనంలో ఎంతసేపు కడగాలన్నదీ దాన్నిబట్టే.

ఆ పద్ధతి ఆయన వేళ్లకొసల్లోకి ఎంతగా ఇంకిపోయిందో ఒక్క ఉదంతం చాలు. 1941 నవంబరు 1 సాయంత్రం. న్యూమెక్సికోలో కారులో వెళ్తుండగా హెర్నాండెజ్ అనే చిన్న ఊరు కనిపించింది. తూర్పున మంచుకొండల పైన చంద్రుడు. పడమట దిగిపోతున్న పొద్దు. ఆ చివరి కిరణాలకు ఊరి శ్మశానంలోని తెల్లటి శిలువలు మెరుస్తున్నాయి. కారు ఆపి, హడావుడిగా పెద్ద కెమెరా బిగించారు. తీరా చూస్తే వెలుగును కొలిచే మీటరు కనపడదు! వెతికే వ్యవధి లేదు. అప్పుడు గుర్తొచ్చింది... నిండు వెలుగులో ఉన్న చంద్రుడి కాంతి ఎంతో తనకు తెలుసు. ఆ ఒక్క అంకెతో మనసులోనే లెక్క కట్టి షట్టరు నొక్కారు. రెండోది తీద్దామని పలక తిప్పేలోపు శిలువల మీది వెలుగు ఆరిపోయింది. ఒకే ఒక్క నెగెటివ్. ప్రపంచంలో అందరికీ తెలిసిన ప్రకృతి ఫొటోల్లో అదొకటి.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ ఒక్క నెగెటివ్ నుంచి ఆడమ్స్ దశాబ్దాలపాటు వెయ్యికి పైగా ప్రింట్లు తీశారు. తొలినాటి వాటిలో ఆకాశంలో పలచటి మబ్బులు కనిపిస్తాయి. తర్వాతి వాటిలో ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది. చీకటిగదిలో కొన్ని భాగాలకు చేత్తో వెలుగు అడ్డుకుని, కొన్నిటికి ఎక్కువసేపు చూపించి సాధించిన తేడా అది. పియానో విద్వాంసుడు కావాలనుకున్న మనిషి కాబట్టి ఆయన నెగెటివ్‌ను స్వరలిపితోనూ ప్రింటును కచేరీతోనూ పోల్చేవారు. కీర్తన ఒకటే. పాడినప్పుడల్లా కొత్తగా ఉంటుంది.

పదహారు ఫొటోల లెక్క

ఫిల్ములోనే మార్పు తేవాలని చూసినవారూ ఉన్నారు. అణుపరీక్షల్ని చిత్రీకరించాల్సి వచ్చినప్పుడు అమెరికాకు చెందిన చార్లెస్ వికాఫ్ ఒకే ఫిల్ము మీద మూడు పొరలు పూయించారు. ఒకటి చురుకైనది, ఒకటి మధ్యరకం, ఒకటి మందకొడిది. కళ్లు మిరుమిట్లు గొలిపే అగ్నిగోళం మందకొడి పొర మీద పడుతుంది. చుట్టూ ఉన్న చీకటి చురుకైన పొర మీద నిలుస్తుంది. ఏ ఒక్క పొరా ఒంటరిగా చేయలేని పని మూడూ కలిసి చేశాయి.

డిజిటల్ యుగంలో ఇదే ఆలోచన లెక్కల్లోకి దిగింది. వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన ఫొటోల్ని కలిపి వెలుగు పరిధిని పెంచడం గురించి స్టీవ్ మన్, రోజలిండ్ పికార్డ్ 1995లో ఒక పరిశోధనపత్రం వెలువరించారు. రెండేళ్ల తర్వాత, 1997లో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి మరో పత్రం వచ్చింది. రాసింది పాల్ డెబెవెక్, ఆయన గురువు జితేంద్ర మాలిక్. మాలిక్ మనవారే. మథురలో పుట్టి, 1980లో ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేసి అమెరికా వెళ్లారు.

వాళ్లు ఎంచుకున్న దృశ్యాల్లో ఒకటి స్టాన్‌ఫర్డ్‌లోని చర్చి లోపలిభాగం. రంగుటద్దాల కిటికీల్లోంచి భగభగమనే ఎండ. మూలల్లో చిమ్మచీకటి. కెమెరాను కదలకుండా నిలిపి పదహారు ఫొటోలు తీశారు. మొదటిదానికి షట్టరు 30 సెకన్లు తెరిచి ఉంచారు. అక్కడినుంచి ప్రతిసారీ సగం చేసుకుంటూ పోయి చివరిదాన్ని సెకనులో వెయ్యోవంతులో ముగించారు. ఒక ఫొటోలో పొర్లిన గిన్నె ఇంకో ఫొటోలో సగమే నిండుతుంది. ఏ గిన్నెను ఏ ఫొటోలో నమ్మాలో వాళ్ల సూత్రం చెబుతుంది. అలా ప్రతి చుక్క దగ్గరా అసలెంత వెలుగుందో రాబట్టారు. సినిమా గ్రాఫిక్స్‌కూ ఇది వరమైంది. నిజమైన చోటునుంచి పట్టుకున్న వెలుగునే కంప్యూటర్ బొమ్మ మీద పరిస్తే ఆ బొమ్మ అక్కడే నిలబడినట్టు అనిపిస్తుంది మరి.

మీరూ తీయొచ్చు!

ఆ పదహారు ఫొటోల లెక్క ఇంట్లో చేయాలంటే మూడు చాలు. ముందుగా కెమెరాను స్టాండుకు బిగించాలి. మూడు ఫొటోలూ ఒకదానిమీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చోవాలంటే కెమెరా కదలకూడదు. ఐఎస్‌ఓ తక్కువలో, వందకో రెండొందలకో పెట్టాలి. అపర్చర్ మార్చకూడదు. అది మారితే ముందున్న రాయి స్పష్టంగా ఉందా, వెనకున్న కొండ స్పష్టంగా ఉందా అన్నదీ మారిపోతుంది. మార్చాల్సింది షట్టర్ వేగం ఒక్కటే. ఫోకస్‌నూ, రంగుల్ని నిర్ణయించే వైట్ బ్యాలెన్స్‌నూ ఆటోలో వదలకుండా స్థిరంగా ఉంచాలి. ఫైలును 'రా' రూపంలో దాచుకుంటే తర్వాత సరిదిద్దుకునే వీలెక్కువ.

ఇప్పుడు మధ్యరకం వెలుగుకు కెమెరా సెకనులో 125వ వంతు చూపించిందనుకోండి. అదొకటి తీయాలి. ఆకాశం కోసం 500వ వంతులో ఒకటి. నీడల కోసం 30వ వంతులో ఒకటి. ఒక్కోదానికీ మధ్య రెండేసి స్టాపుల తేడా. చాలా కెమెరాల్లో 'బ్రాకెటింగ్' అనే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే ఒక్కసారి నొక్కగానే మూడూ వరసగా తీసేస్తుంది. అన్నిటికన్నా చీకటిగా వచ్చిన ఫొటోలో ఆకాశం వివరాలున్నాయా, అన్నిటికన్నా వెలుగుగా వచ్చిన దాంట్లో నీడల వివరాలున్నాయా... ఈ రెండూ అక్కడికక్కడే చూసుకోవాలి. లేకుంటే ఐదో ఏడో తీయాలి. బొర్రా గుహల్లాంటి చోట లోపలినుంచి ద్వారం వైపు తీస్తే మూడు ఎటూ చాలవు.

తర్వాత కంప్యూటర్‌లో కలపడం. ఫొటోషాప్, లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేర్లలో దీనికి ప్రత్యేక వసతి ఉంది. కలిపిన ఫైలులో తెర చూపించగలిగిన దానికన్నా ఎక్కువ వెలుగు సమాచారం ఉంటుంది. దాన్ని తెరకూ కాగితానికీ సరిపడా కుదించడమే 'టోన్ మ్యాపింగ్'. ఆడమ్స్ చీకటిగదిలో చేత్తో చేసిందే ఇక్కడ మీటలతో చేస్తాం.

కదిలేవాటితో మాత్రం జాగ్రత్త. ఎత్తిపోతల జలపాతం, గాలికి ఊగే కొబ్బరాకులు, నడిచిపోయే మేకలమంద... మూడు ఫొటోల్లో మూడు చోట్ల ఉంటాయి. కలిపినప్పుడు ఒకే మేకకు మూడు నీడలొస్తాయి. ఫొటోగ్రాఫర్లు దీన్ని 'గోస్టింగ్' అంటారు. పేరులోనే దెయ్యం ఉంది! దాన్ని తగ్గించే సదుపాయం సాఫ్ట్‌వేర్లలో ఉన్నా కదిలే భాగాన్ని ఒక్క ఫొటోనుంచే తీసుకోవడం మేలు.

ఇంకో మాట. ప్రతి దృశ్యానికీ ఇది అక్కర్లేదు. మబ్బు పట్టిన రోజున అరకు లోయలో వెలుగు అంతటా సమంగా పరచుకుని ఉంటుంది. అక్కడ ఒక్క క్లిక్కు చాలు. పొద్దుగుంకే వేళ గోదావరి మీద పడవ నల్లటి నీడగా కనిపిస్తేనే అందం. ఆ నీడలోకి వెలుగు తోడిపోస్తే మిగిలేది పడవ బొమ్మే... సాయంత్రం కాదు.

ఉప్పు ఎక్కువైంది!

2005లో ఫొటోషాప్ సీఎస్2తో ఈ కిటుకు మామూలు కంప్యూటర్లలోకి వచ్చేసింది. ఇక చూడండి... కొత్తగా వంట నేర్చినవాడి కూరలా తయారైంది. గడ్డి నియాన్ దీపంలా పచ్చన. మబ్బులు ఉక్కుముద్దల్లా. కొండ అంచుల చుట్టూ దేవుడి పటానికున్నట్టు వెలుగువలయాలు. నీడనేదే లేకుండా అంతా ఒకే మోతాదు వెలుగు. తొలిచూపులో 'వావ్' అనిపించినా నాలుగోది చూసేసరికి మొహం మొత్తింది. హెచ్‌డీఆర్ అంటేనే మొహం చిట్లించుకునే ఫొటోగ్రాఫర్లు తయారయ్యారు.

తప్పు కిటుకుది కాదు. మోతాదుది. నీడ అనేది ఫొటోలో లోపం కాదు. రాయికి గరుకుదనాన్నీ, లోయకు లోతునూ ఇచ్చేది అదే. ఎండ ఎటునుంచి పడుతోందో, అది ఏ వేళో చెప్పేదీ అదే. అన్ని నీడల్నీ చెరిపేస్తే పొద్దున్నో సాయంత్రమో తెలియని ఫొటో వస్తుంది. మంచి హెచ్‌డీఆర్‌కు గుర్తు ఒక్కటే... అది హెచ్‌డీఆర్ అని చూసేవాళ్లకు తట్టకూడదు.

నిజమా... మాయా?

ఇంతకీ మూడు ఫొటోలు కలిపింది నిజమైన ఫొటోయేనా? ఇది సరదా ప్రశ్న కాదు. ఫొటో అంటే మనకు సాక్ష్యం. మునిగిన పంట ఎంతుందో, చెరువులో నీరెంతుందో, కొన్న స్థలం ఎలా ఉందో చూపించేది అదే.

1982 ఫిబ్రవరిలో 'నేషనల్ జాగ్రఫిక్' పత్రిక నిలువు ముఖచిత్రంలో ఇమడ్చడానికి ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటర్‌తో దగ్గరికి జరిపింది. పాఠకులు మండిపడ్డారు. 2012లో బ్రిటన్‌లో ఏటా జరిగే ప్రకృతి ఫొటోల పోటీలో మొదటి బహుమతి పొందిన చిత్రానికి ఆ బహుమతి రద్దయింది. కారణం... మబ్బుల్ని మార్చడం సహా నిబంధనలు ఒప్పుకోనంతగా దాన్ని మార్చారని తేలడమే. ల గ్రేకు కీర్తి తెచ్చిన పనే ఇక్కడ అనర్హత అయింది! 2013లో 'వరల్డ్ ప్రెస్ ఫొటో' పోటీలో గెలిచిన గాజా చిత్రం మీదా దుమారం రేగింది. అది అనేక ఫొటోల అతుకు అని ఆరోపణలొచ్చాయి. నిపుణులు అసలు ఫైలు తెప్పించి పరీక్షించారు. అది ఒకే ఫొటో అనీ, వెలుగూ రంగులూ మాత్రం సర్దారనీ తేల్చారు. అసలు ఫైలు దాచి ఉండటమే ఆ ఫొటోగ్రాఫర్‌ను కాపాడింది. 2015లో అదే పోటీ, చివరి ముందు దశకు చేరిన చిత్రాల్లో 20 శాతాన్ని సర్దుబాట్లు హద్దు మీరాయని పక్కన పెట్టింది.

ఈ ఉదంతాల్లోంచి ఒక గీత కనిపిస్తుంది. అక్కడున్న వెలుగును కనిపించేలా చేయడం ఒకటి. అక్కడ లేనిదాన్ని తెచ్చిపెట్టడం మరొకటి. ఒకేచోట, ఒకే నిమిషంలో తీసిన మూడు ఫొటోలు కలిపితే అది మొదటి రకం. నిన్నటి మబ్బును ఇవాళ్టి కొండకు అతికిస్తే రెండో రకం. గోడకు తగిలించుకునే కళాఖండమైతే రెండోదీ ముచ్చటే. సాక్ష్యంగా చూపాలంటే మాత్రం ఒకే ఒక్క మామూలు ఫొటో, ఏ సర్దుబాటూ లేకుండా, విడిగా తీసి ఉంచాలి. ఇంటి అమ్మకం ప్రకటనలూ, రిసార్టుల ఫొటోలూ చూసేటప్పుడూ ఇది గుర్తుండాలి. గదీ కిటికీ బయటి దృశ్యమూ రెండూ ధగధగలాడుతుంటే అక్కడ హెచ్‌డీఆర్ హస్తం ఉండే ఉంటుంది. గది నిజంగా అంత వెలుగ్గా ఉందో లేదో వెళ్లి చూసుకోవాల్సిందే.

ఫోను తీర్పు

ఇప్పుడు ఈ నిర్ణయాలన్నీ మనకు తెలియకుండానే జరిగిపోతున్నాయి. 2010లో ఐఫోన్‌లోకి హెచ్‌డీఆర్ వచ్చింది. 2013లో గూగుల్ తన నెక్సస్ 5 ఫోనులో 'హెచ్‌డీఆర్ ప్లస్' ప్రవేశపెట్టింది. దాని పద్ధతి వేరు. గిన్నె పొర్లకముందే తీసేస్తుంది. మళ్లీ పెడుతుంది, మళ్లీ తీస్తుంది. అలా కొన్నిసార్లు పట్టిన నీళ్లన్నీ కలిపి కొలుస్తుంది. అంటే తక్కువ వెలుగుతో గబగబా కొన్ని ఫొటోలు తీసి, వాటిని జాగ్రత్తగా పేర్చి, సగటు తీస్తుంది. ఆకాశం పొర్లదు. నీడల్లోని గరుకుదనం సగటుతో తగ్గిపోతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు! స్టాండు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మమ్మ ముఖమూ, కిటికీ అవతలి వేపచెట్టూ ఒకే ఫొటోలో వస్తున్నాయంటే ఈ లెక్క చలవే.

చలవతోపాటు చిక్కూ ఉంది. 2020 సెప్టెంబరు 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రజలు నిద్రలేచేసరికి అడవుల కార్చిచ్చు పొగతో ఆకాశం నారింజరంగులోకి మారిపోయి ఉంది. జనం ఫోన్లు తీశారు. ఫొటోలో చూస్తే మామూలు బూడిదరంగు ఆకాశం! నారింజ ఆకాశం ఉండదని ఫోను అనుకుంది. తప్పు దిద్దినట్టు రంగును దిద్దేసింది. అక్కడ పొరబడింది హెచ్‌డీఆర్ కాదు, రంగుల్ని సరిచేసే లెక్క. అయినా పాఠం ఒకటే. కళ్లెదుట ఉన్నదానికన్నా 'ఎలా ఉండాలి' అన్నదాన్నే ఫోను నమ్మింది.

దీనికి విరుగుడు కష్టమేం కాదు. తెరమీద ఆకాశం ఉన్నచోట వేలితో తాకితే వెలుగు దానికి తగ్గట్టు మారుతుంది. పక్కనే వచ్చే మీటను పైకీ కిందికీ జరిపి మనకు కావాల్సినంత ఉంచుకోవచ్చు. కొన్ని ఫోన్లలో హెచ్‌డీఆర్‌ను ఆపేసే వీలుంది, ప్రో మోడ్‌లో రంగులూ మన చేతిలోనే ఉంటాయి. అన్నిటికన్నా ముందు చేయాల్సింది... ఫొటో తీయకముందు ఒక్క నిమిషం ఆ దృశ్యాన్ని కళ్లారా చూడటం. ఏ నీడ ఎంత నల్లగా ఉందో, ఏ మబ్బు ఏ రంగులో ఉందో మనసులో పెట్టుకోవడం. ఆ తర్వాత తెరమీద వచ్చింది అలాగే ఉందా అని పోల్చి చూడటం. మూడు క్లిక్కుల్ని కలిపే పని యంత్రానికి వదిలేయొచ్చు. 'అవును, ఆరోజు అక్కడ ఇలాగే ఉంది' అని చెప్పాల్సింది మాత్రం అక్కడ నిలబడి చూసిన మనిషే!